నలభై ఏడేళ్ల యూత్ ప్రెసిడెంటు

చర్చి వెనక హాల్లో అడుగు పెట్టేసరికి ప్లాస్టిక్ కుర్చీల నిండా అంకుల్స్. కొందరికి బట్టతల, కొందరికి బొజ్జ, ఒకాయనకి రెండూ. ఇంకేదో మీటింగు అయిపోయి, లేవడానికి బద్ధకించి కూర్చున్నారనుకున్నాను. ఫోన్లో రాసుకొచ్చిన స్పీచ్ ఒకసారి పైకీ కిందకీ జరిపి చూసుకుని, నాకు చేతనైనంత మర్యాదగా అన్నాను.

"అంకుల్, ఇక్కడ యూత్ మీటింగుంది. మీరు కొంచెం..."

"మేమే యూతు," అన్నాడు ముందు వరసలో ఒకాయన.

ఆ ఒకాయన మా మామయ్య. అమ్మకి సొంత తమ్ముడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, వయసు నలభై ఏడు. ఆ పొద్దున ఆయనింట్లోనే ఇడ్లీ తిని వచ్చాను. తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని పేపరు చదివాడు తప్ప ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు.

"నువ్వేంటి మామయ్యా ఇక్కడ?"

"ఏటంటే? ప్రెసిడెంట్ని. నీకు తెలవదేటి?"

నాకు తెలిసింది ఇంతే. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో మా అమ్మ పుట్టిల్లు ఉంది. తాతయ్య కాలం నుంచీ రైల్వే క్వార్టర్సులోనే ఉంటున్నారు. అక్కడి కేథలిక్ చర్చిలో కుర్రకారు పూజకి రావడం మానేశారు. వచ్చినవాళ్లు కూడా లోపల ప్రసంగం జరుగుతుంటే బయట బైకుల మీద కూర్చుంటున్నారు. వాళ్లని లోపలికి లాక్కొచ్చి, ప్రార్థనలకీ క్యాంపులకీ కూడగట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ పనికి యూత్ యానిమేటర్ అని పేరు. విశాఖలో అప్పటికే రెండు ఉద్యోగాలు నోటితో పోగొట్టుకుని ఇంట్లో ఉన్న నన్ను అమ్మ రైలెక్కించింది. స్టేషన్లో ఆవిడ ఇచ్చిన ఆశీర్వాదం ఇది: "ఇది కూడా పోగొట్టుకుంటే ఇంటికి రా. అన్నం పెడతాను. మాట్లాడను."

ఫాదర్‌గారిది జార్ఖండ్. మెత్తగా, హిందీలో మాట్లాడతాడు. ఆయన చెప్పిందీ మెత్తగానే చెప్పాడు. సెప్టెంబరులో మరియమాత పండుగ వరకు చూస్తాడట. పండుగ రోజు మాత తేరు యూత్ చేతుల మీదుగా చక్కగా తిరిగొస్తే, పేరిష్ కౌన్సిల్‌ని, అంటే చర్చి పెద్దల్ని, ఒక మాట అడిగి నన్ను ఉంచేస్తాడట. కౌన్సిల్లో మా మామయ్య ఉన్నాడన్న సంగతి కూడా ఎవరూ నాకు చెప్పలేదు.

"యూత్ అంటే ఎన్నేళ్ల వరకు?" అని హాల్లో అందరినీ అడిగాను.

"పెల్లయ్యేదాకా అన్నారు," అన్నాడు బట్టతల, బొజ్జ రెండూ ఉన్నాయన. "పెల్లిల్లయిపోయినాయి. ఎవులూ ఎల్లమన్నేదు."

"ఇప్పుడు నేను వెళ్లమంటున్నాను."

"నువ్వెవులమ్మా?"

అప్పుడు నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండితే నోటికన్నా ముందు బొటనవేలు పనిచేస్తుంది. యూత్ వాట్సాప్ గ్రూపుకి ఫాదర్ నన్ను అడ్మిన్ని చేసి ఒక్కరోజే అయింది. గ్రూపు తెరిచి పైనుంచి మొదలుపెట్టాను. మొదటి పేరు మామయ్యదే. ఒక్కొక్కళ్లూ నుదుటి మీద కళ్లజోళ్లు కిందకి దించుకుని ఫోన్లు చూసుకున్నారు.

"ఓలమ్మా! తీసేసింది!"

"నన్నూ తీసేసినాది!"

"నన్నింకా తియ్యనేదురా," అన్నాడు మూలన ఒకాయన, గర్వంగా.

"వస్తున్నా అంకుల్, ఒక్క నిమిషం," అన్నాను.

వాళ్లు యూత్‌ని ఎందుకు వదలరో ఆ మధ్యాహ్నం అత్త చెప్పింది. మాత తేరుకి భుజం పట్టే హక్కు ఆ చర్చిలో యూత్‌కి మాత్రమే ఉంది. ఎవరి జాగా వాళ్లది. ముందు కర్ర ఎడమ కొస మామయ్యది. యూత్‌లోంచి తప్పుకుంటే ఆ కొస పోతుంది. అందుకని పెళ్లిళ్లయినా, పిల్లలు పుట్టినా, షుగరు వచ్చినా ఎవరూ కదల్లేదు. కర్ర కింద చోటు లేక కుర్రాళ్లు బైకుల మీద సెటిలయ్యారు.

"ఆ కర్రంటే మీ మావకి పేణం," అంది అత్త, చేపల పులుసు గిన్నె దించుతూ. "నువ్వు పేణం తీసీసినావు. ముక్క ఏసుకో."

మామయ్య గోడవైపు తిరిగి తింటున్నాడు. ఆ రోజు నుంచీ నాతో నేరుగా మాట్లాడటం మానేశాడు. నాకు చెప్పాల్సిందంతా అత్తకి చెప్పేవాడు, నేను అదే చాప మీద పక్కన కూర్చున్నా సరే. "యానిమేటర్ గారికి మజ్జిగ కావాలేమో అడుగు." "యానిమేటర్ గారు ఫోన్ సార్జింగ్ తీసీమను, నాది ఎట్టుకోవాల." నేనూ తగ్గలేదు. "అత్తా, మాజీ ప్రెసిడెంటు గారి కాలు నా చున్నీ మీదుంది, తియ్యమను." మధ్యలో అత్త, వాళ్ల కూతురు నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయేవాళ్లు.

గ్రూపులో మిగిలినవాళ్లని చూస్తే ఇద్దరు కుర్రాళ్లు, ఆరుగురు అమ్మాయిలు. కుర్రాళ్లలో ఒకడు బెంగళూరులో ఉన్నాడు. రెండోవాడు పోటీ పరీక్షలకి చదువుతూ, ఏ మెసేజూ తెరవకుండా ఉన్నాడు. కొత్తవాళ్ల కోసం టోటో, అదే బ్యాటరీ ఆటో, ఎక్కి ఫుట్‌బాల్ గ్రౌండుకి వెళ్లాను. అక్కడ బైకుల బ్యాచ్ మొత్తం దొరికింది.

"తేరు మోస్తారా?"

"మోస్తాం దీదీ," అన్నాడొకడు. "అయితే మా నాన్న నన్ను మోస్తాడు. కర్ర ముట్టుకుంటే కాల్లిరగ్గొడతానని సెప్పినాడు."

అంకుల్స్ ఊరంతా తిరిగి బందోబస్తు చేసేశారన్నమాట. ఇందా అనే పేటలో, బజారులో కూరలు కొంటుంటే కూడా ఒకాయన ఎదురుపడి, ఎంతో ప్రేమగా అడిగాడు. "ఏటమ్మా, తేరు ఈ ఏడు టోటోలో ఎల్తాదా?" చేతిలో ఉన్న సొరకాయ విసిరేద్దును, డబ్బులింకా ఇవ్వలేదని ఆగాను.

ఆ కోపంలోనే ఇంటికొచ్చి, పందొమ్మిదేళ్ల నా మరదల్ని నిలబెట్టి అడిగాను, అదే మామయ్య కూతుర్ని. "నువ్వు యూతేనా?"

"గ్రూపులో ఉన్నాను కదొదినా."

"భుజం ఉందా?"

"ఉంది."

"అయితే మీ నాన్న కొస నీది."

ఒక్క నిమిషం నోరు తెరుచుకుని చూసింది. తరవాత ఆ మొహంలో వచ్చిన నవ్వు చూస్తే, ఇది నాకన్నా పెద్ద కొంటెదని అర్థమైంది. మిగతా అయిదుగురినీ అదే ఫోన్ చేసి పిలిచింది. ముందు కర్రకీ వెనక కర్రకీ కలిపి ఎనిమిది భుజాలు కావాలి. చర్చి నర్సరీ స్కూల్లో చెప్పే ఇద్దరు టీచరమ్మాయిలు వస్తామన్నారు. ఆడవాళ్లు మొయ్యకూడదని ఎక్కడైనా ఉందా అని ఫాదర్‌ని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "కహీ లిఖా తో నహీ హై," అన్నాడు. రాసైతే లేదన్నాడు కాబట్టి నేను సరేనన్నట్టే తీసుకున్నాను.

ప్రాక్టీసుకి క్వార్టర్సు వెనక మైదానంలో మంచం తెచ్చి కింద రెండు వెదురు బొంగులు కట్టాం. మంచం మీద బరువుకి బియ్యం బస్తా పెడదామంటే అత్త చెంగు దోపుకుని వచ్చింది.

"బస్తా ఏల? నానెక్కుతాను. ఆ తల్లి కన్నా నానే బరువు. నన్ను మోసినోల్లకి ఆవిడో లెక్కా?"

ఎక్కి మఠం వేసుకు కూర్చుంది. అమ్మాయిలు "మరియమ్మకీ..." అంటూ లేపారు. నిజంగా లేపేశారు. అత్త పైనుంచి కిటికీల్లో జనాలకి చెయ్యి ఊపింది. నేను వీడియో తీస్తూ వెనక్కి నడుస్తున్నాను.

"ఒసే, ఓ మూలకి జారిపోతన్నానే!" అని అరిచింది అత్త.

"నీ బరువే అలాంటిదమ్మా," అంది కూతురు కింద నుంచి.

అదే సమయానికి డ్యూటీ దిగి సైకిల్ మీద మామయ్య వచ్చాడు. కట్టుకున్న పెళ్లాం మంచమెక్కి ఊరేగుతోంది. ముందు కర్ర ఎడమ కొసన కన్న కూతురు. సైకిల్ దిగడం కూడా మర్చిపోయి ఒక కాలు నేల మీద ఆనించి అలాగే ఉండిపోయాడు.

"ఏటే ఇది?"

అత్త రెండు వేళ్లెత్తి, చక్కగా ఆశీర్వదించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన అత్తకి కూడా ఏమీ చెప్పలేదు. నాకు కొంచెం భయమేసింది, నిజం చెప్పాలంటే. పండుగ రోజు తేరు ఒక్క అడుగు తూలినా, కౌన్సిల్లో ఆయన "వద్దు" అనక్కర్లేదు, నవ్వితే చాలు. నా సంచి నేను సర్దుకోవాల్సిందే.

పండుగ రోజు మధ్యాహ్నం దాకా వాన పడి, పూజయ్యేసరికి ఆగింది. అమ్మాయిలందరూ నీలం చున్నీలు నడుముకి బిగించి తేరు కింద నిలబడ్డారు. అంకుల్స్ ఇస్త్రీ చొక్కాల్లో గేటు పక్కన చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు, ఎవరో పడతారని ముందే టికెట్టు కొనుక్కున్నట్టు. నేను ఫోన్లో లైవ్ పెట్టాను. విశాఖలో అమ్మ చూస్తోంది.

తేరు లేచింది. జపమాల ఒక వరస తెలుగులో, ఒకటి హిందీలో, ఒకటి బెంగాలీలో సాగుతోంది. గేటు దాటారు. మొదటి సందు దాటారు. సుభాష్‌పల్లి వైపు తిరిగే మలుపులో, దుర్గాపూజ పందిరికి వెదుళ్లు పాతుతున్నవాళ్లు కూడా పని ఆపి దండం పెట్టారు. అంతా బాగుంది అనుకుంటుండగా మాత ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టింది.

మా మరదలు తండ్రి పోలిక, పొడుగు. దానికి జంటగా కుడి కొస పట్టిన టీచరమ్మాయి పొట్టి. రోడ్డు కూడా అటే వాలు. జనంలో "మాతా!" అని ఒక కేక. అమ్మాయిలు ఆగిపోయారు. టీచరమ్మాయి మునివేళ్ల మీద లేచి వణుకుతోంది.

గేటు దగ్గర నుంచీ కాలువ గట్టు మీద తేరుతో సమానంగా నడిచొస్తున్న మామయ్య ఒక్క గెంతు గెంతి రోడ్డు మీద పడ్డాడు. "ఎడం దించండే! ఎడం!" నేనూ కర్ర కిందకి దూరబోయాను. చేతిలో ఫోన్ అడ్డం. ఎదురుగా ఆయనే ఉంటే ఆయన చేతిలో కుక్కేశాను. "పట్టుకో!" నెల రోజుల తరవాత మా మధ్య నడిచిన మొదటి మాట అది.

ఆయన ఇంకో చేత్తో కర్ర అందుకోబోయాడు. అత్త అడ్డం వచ్చింది.

"నీకెన్నేల్లు?"

"ఒసే, పడిపోద్దే!"

"పడదు. జరుగు." అని సంచీలోంచి చంటిపిల్లల తలగడ ఒకటి తీసింది. టీచరమ్మాయి భుజానికీ కర్రకీ మధ్య దోపింది. "ఆ మూలకే కదేటి నాను జారిపోయింది? సెప్తే నా బరువన్నారు గుంటలు."

మాత నిటారుగా అయింది. నేను టీచరమ్మాయి పక్కన కర్ర కింద భుజం పెట్టాను. ఆ బరువు ఎలా ఉంటుందో నాకప్పుడే తెలిసింది. ఎవరినీ తిట్టడానికి ఊపిరి మిగలదు. జపమాల మళ్లీ అందుకున్నారు. మామయ్య ఫోన్ ఎలా ఆపాలో తెలియక, గుండెలకి హత్తుకుని మా పక్కనే నడిచాడు. విశాఖలో అమ్మకి అరగంట సేపు ఆయన చొక్కా గుండీ, ఆయన గొంతూ వచ్చాయట. "దేవవరప్రసాదంతో నిండిన మరియమ్మా, వందనం... ఎడం కాలు, ఎడం కాలు... ఏలినవారు మీతో ఉన్నారు... గుంటుంది, సూసుకోండే... నా తల్లే, నా బంగారమే." ఆ ఆఖరి మాటలు మాతతోనో కూతురితోనో అమ్మకి తెలియలేదు. మాకూ తెలియలేదు.

తేరు గుమ్మం ముందు దింపేసరికి అమ్మాయిలందరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఏడ్చి, నవ్వి, సెల్ఫీకి ఫోన్ లేదని నన్ను తిట్టారు. ఫాదర్ మెట్ల మీద నుంచే కౌన్సిల్ వాళ్లని పిలిచాడు. మిగతావాళ్లందరూ మామయ్య వైపు చూశారు.

"బోలియే. రఖ్‌నా హై కి నహీ?" అన్నాడు ఫాదర్. చెప్పండి, ఉంచుదామా వద్దా.

మామయ్య నన్ను చూడలేదు. చొక్కా సర్దుకున్నాడు. నా భుజం మీద కర్ర ఒరుసుకున్న చోట మంట ఇంకా తగ్గలేదు.

"రఖియే ఫాదర్," అన్నాడు చివరికి. ఉంచండి. "మగర్ మేరే ఘర్ మే నహీ." నా ఇంట్లో మాత్రం కాదు.

"నీ ఇల్లేటి?" అంది అత్త వెనక నుంచి. "క్వార్టరు రైల్వేది. ఇందులో ఎవులుండాలో ఎవులెల్లాలో ఆల్లు సెప్తారు, నువ్వు కాదు."

ఫాదర్‌కి అందులో ఎంత అర్థమైందో తెలియదు, కానీ గట్టిగా నవ్వాడు. రేపు పదింటికి ఆఫీసుకి రమ్మని నాకు చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

అంకుల్స్ కదల్లేదు. అందరి తరఫునా బట్టతల, బొజ్జ ఉన్నాయన గొంతు సవరించుకున్నాడు. "సరే తల్లీ. మరి ఇకమీద మేమేటి మొయ్యాల?"

పండుగ కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీలు వాననీళ్లలో చర్చి గ్రౌండు నిండా పడి ఉన్నాయి. నేను నోరు విప్పేలోపే మా మరదలు అటు చెయ్యి చూపించింది.

మామయ్య నా ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టి, ప్యాంటు మడతపెట్టుకుని, బురదలోకి దిగి ఎనిమిది కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పైకెత్తి భుజం మీద పెట్టుకుని వెనక్కి తిరిగి అరిచాడు.

"సూస్తారేట్రా? పట్టండి! వరస తప్పితే ఊరుకోను!"