ఫ్రుమాకి రావలసిన గుడ్డు

మొగుడు జెలిక్ పోయినప్పుడు ఫ్రుమా ఇంటికి వచ్చిన గుడ్లు తినేవాళ్ళు లేక మిగిలిపోయాయి. కొలోనియా తిక్వా అనే ఆ యూదుల పల్లెలో ఏ ఇంట చావు జరిగినా అంతే. మట్టి చేసి వచ్చాక మొదటి ముద్ద సొంత పొయ్యి మీద వండుకున్నది కాకూడదు. ఇరుగుపొరుగువాళ్ళు ఉడికించిన గుడ్లూ రొట్టే తెచ్చి, గుడ్డు వలిచి మరీ చేతిలో పెట్టాలి. జెలిక్ ఊరందరి గుర్రాలకీ నాడాలు కొట్టిన మంచివాడు. అందుకని గంపలకొద్దీ వచ్చాయి. మిగిలినవన్నీ మోత్కె తిన్నాడు.

మోత్కె మనిషి కాదు. మోకాలెత్తు ఇంటి దెయ్యం, వాడివి కోడికాళ్ళు. పాత దేశంలో ఓడెక్కేటప్పుడు ఫ్రుమా తల్లి ఈకల పరుపులో దూరి, సముద్రానికి ఇవతల ఈ కొత్త దేశపు ఎంత్రె రియోస్ గడ్డి మైదానంలో తేలాడు. ఒళ్ళు వంచి పని చేసిన పాపాన పోలేదు. మాతె ఆకు కషాయం తాగడం, గుర్రాల తోకలు ముడెయ్యడం, గుడ్లు దొంగిలించడం, ఇదీ వాడి సంసారం. ఇలాంటివాళ్ళు ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉన్నారు గానీ అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు. పరువు తక్కువట.

జెలిక్ పోయిన రెండో చలికాలంలో సులమిత వచ్చింది. ఊరూరూ తిరిగి బట్టలు కుట్టే మనిషి. వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టింది. మగవాళ్ళ మీద ఆమెకి కోపం లేదు, మనసే లేదు. ఫ్రుమా పాత కోటు తిరగేసి కుట్టడానికి వచ్చి, వాన పట్టుకుంటే ఆ రాత్రికి ఉండిపోయింది. తెల్లారేసరికి ఎడమ బూటు మాయం. ఒంటి బూటుతో ఈ బురదలో ఎలా పోతానంది. పట్నంలో కొత్త జత కొనుక్కున్నాక కూడా అదే మాట అంటూ ఇరవై ఏళ్ళ పైన ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పాత బూటు మోత్కె ఎక్కడ దాచాడో ఇప్పటికీ చెప్పలేదు.

"జెలిక్‌నీ నన్నూ తక్కెట్లో వేస్తే ఎవరు బరువే?" అని సులమిత అప్పుడప్పుడు ఉడికించేది.

"ఆయన్ని వేసిన తక్కెడ వేరు, నిన్ను వేసిన తక్కెడ వేరు. నోరు మూసుకుని సూదిలో దారం ఎక్కించు," అనేది ఫ్రుమా. ఆ మాట నిజం. జెలిక్‌నీ ప్రేమించే చేసుకుంది. ఈమెనీ ప్రేమించే ఉంచుకుంది.

ఊరు మాత్రం సులమిత అక్కడ అద్దెకుంటోంది అనేది. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ ఒక్క కుటుంబంలా ఒకే బల్ల మీద పండగ దీపాలు వెలిగించడం కిటికీలోంచి చూసిన ఊరే. అద్దె అన్న మాట అందరికీ సుఖంగా ఉండేది. ఆ సుఖం ఖరీదు ఫ్రుమాకి ఈ శరత్కాలంలో తెలిసొచ్చింది.

సులమిత దగ్గి దగ్గి పోయింది. పట్నం నుంచి ఆమె అన్న అబ్రాషా వచ్చాడు. చెల్లెలి గడప ఏనాడూ తొక్కనివాడు శవం పక్కన పెద్దమనిషిలా నిలబడ్డాడు. పోయినవాళ్ళ సొంతవాళ్ళకి బట్ట చింపడం ఆచారం, సమాధి దగ్గర కత్తి పట్టుకున్న పెద్దాయన అబ్రాషా కోటు చీల్చాడు గానీ ఫ్రుమా వైపు చూడలేదు. మట్టి కప్పాక జనం రెండు వరసలుగా నిలబడ్డారు, దుఃఖంలో ఉన్నవాళ్ళు ఆ మధ్యలోంచి నడిచి వెళ్ళాలి కదా. అబ్రాషా నడిచాడు. ఫ్రుమా వరసలో నిలబడి, అందరితో పాటు వాడికే చెప్పాల్సి వచ్చింది. "సీయోను కోసం, యెరూషలేము కోసం దుఃఖించేవాళ్ళందరితో పాటు దేవుడు మిమ్మల్ని ఓదార్చుగాక." నోట్లో ఇసుక పోసుకున్నట్టయింది.

"మా చెల్లెల్ని బాగా చూసుకున్నారు, డోన్యా ఫ్రుమా," అన్నాడు అబ్రాషా. "దుఃఖం పాటించే ఏడు రోజులూ మా ఇంట్లో కూర్చుంటాం. వీలైతే మీరూ వచ్చి పలకరించి పోండి."

పలకరించి పోవాలట.

ఇంటికొచ్చి ఫ్రుమా తన జాకెట్టు మెడ తనే చింపుకుంది. సులమిత సగం కుట్టి వదిలేసిన గుడ్డ తీసి, చావింట్లో చేసినట్టే అద్దం మీద కప్పింది. పాలడబ్బాల పెట్టె బోర్లించి దాని మీద కూర్చుంది. ఉదయం నుంచీ పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

మోత్కె పొయ్యి వెనక నుంచి రొట్టె ముక్క పట్టుకొచ్చాడు. జీవితంలో మొదటిసారి ఒకరికి ఇవ్వడం కాబోలు, ముక్క చాచి, వెనక్కి లాక్కుని, మళ్ళీ చాచాడు.

"తిను, ఫ్రుమమ్మా."

"నువ్వు ఇంటివాడివిరా. నువ్వు పెడితే నేను పెట్టుకున్నట్టే. బయటివాళ్ళ చేతి ముద్ద రావాలి."

"రాకపోతే?"

"రాకపోతే తినను. నా తిండి నేను తింటే, సులమిత నాకేమీ కాదని నేనూ ఒప్పుకున్నట్టు."

మోత్కె చెవులు గోక్కున్నాడు. తర్వాత కనిపించలేదు.

పక్కింటి బ్రానా ఆ వేళకి అబ్రాషా ఇంటికి పట్టుకెళ్ళడానికి గుడ్లు ఉడకబెడుతోంది. ఉడికినవి తీసి బల్ల మీద పెట్టి అటు తిరిగి ఇటు తిరిగేలోగా ఒకటి లేదు. కింద ఒలికిన పిండిలో కోడికాళ్ళ గుర్తులు. అడుగులు మాత్రం మనిషి వేసినట్టు. ఏళ్ళ తరబడి తన గుడ్లు ఎవరింటికి పోతున్నాయో బ్రానాకి అనుమానమే. ఈసారి గరిటె పట్టుకుని గుర్తుల వెంట వచ్చింది.

"ఏమే ఫ్రుమా, నీ ఇంటి దొంగవెధవ చావింటి గుడ్డు కూడా వదలడా, వాడికి..." అంటూనే లోపలికి వచ్చి ఆగిపోయింది.

అద్దం మీద గుడ్డ. చిరిగిన మెడ. బోర్లించిన పెట్టె. దాని పక్కన వేడివేడి గుడ్డు రెండు చేతుల్లో పట్టుకుని, కాలుతున్నా వదలకుండా మోత్కె.

బ్రానా గరిటె గుమ్మం దగ్గర పెట్టేసింది. వచ్చి నేల మీద కూర్చుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు తెరిచేదాకా వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు, బ్రానా కూడా మాట్లాడలేదు. పొయ్యిలో కట్టె విరిగింది. బయట ఆవులు అరిచాయి, పాలు పితికే వేళ దాటింది.

"గుడ్డ కత్తిరించేటప్పుడు నాలుక బయటపెట్టేది," అంది ఫ్రుమా చివరికి.

"నా పెళ్ళి గౌను కత్తిరించినప్పుడూ పెట్టింది," అంది బ్రానా. "తెగ్గోసుకుంటావే అంటే, నీ నాలుక కన్నా నాది పొట్టిది, భయం లేదు అంది."

ఫ్రుమాకి నవ్వు వచ్చింది. నవ్వుతోనే ఏడుపు పట్టుకుంది. సమాధి దగ్గర రానిదంతా అప్పుడు వచ్చింది. బ్రానా ఆపమనలేదు. మోత్కె చేతిలోంచి గుడ్డు తీసుకుని, పెంకు ఒళ్ళో పోసుకుంటూ నెమ్మదిగా వలిచి ఫ్రుమా చేతిలో పెట్టింది.

"మరి అబ్రాషాకి గుడ్లు?" అంది ఫ్రుమా.

"ఆయనకి పట్నం నిండా చుట్టాలున్నారు. తిను."

ఫ్రుమా తింది. ఉప్పు లేదు, చావింటి గుడ్డుకి ఉప్పుండదు. కళ్ళలోంచి పడింది చాలు.

చీకటి పడుతుంటే బ్రానా లేచింది. గుమ్మంలో వెనక్కి తిరిగి, పొద్దున ఫ్రుమా వరసలో నిలబడి అబ్రాషాకి చెప్పిన ఆ మాటలే పూర్తిగా, ఒక్కటీ తగ్గించకుండా చెప్పింది.

ఫ్రుమా అలవాటుకొద్దీ ఆమెని సాగనంపడానికి లేవబోయింది.

"కూర్చో," అంది బ్రానా. "నీ మనిషి పోయిందే. ఈ ఏడు రోజులూ ఎవరి కోసమూ లేవకూడదు."

ఫ్రుమా కూర్చుంది.