మా బావ పెట్టిన తాళం

మా బావ వరప్రసాదరావుతో కలిసి సెల్‌ఫోన్ షాపుకి వెళ్ళినవాడెవడూ రెండోసారి వెళ్ళడు. నేను బావమరిదిని కాబట్టి తప్పేది కాదు. నందిగామలో ఏ షాపులో అడుగుపెట్టినా కౌంటర్ వెనకాల కుర్రాళ్ళు "మాస్టారొచ్చారు రోయ్" అని లోపలికి కేకేసేవాళ్ళు. కెమెరా ఎంత, ధర ఎంత అని ఆయన అడగడు. "దీని బ్యాటరీ నేను విప్పుకోవచ్చా?" అని అడుగుతాడు. "లేదండీ, అతికించేశారండీ" అన్నారో, ఇక ఆ పూట గడిచిపోయినట్టే. "నా డబ్బులు పెట్టి కొన్నదాని మూత నేను తీసుకోకూడదంటే అది నాది ఎట్లా అవుద్దయ్యా? అద్దెకిచ్చినట్టేగా!" అని మొదలుపెట్టేవాడు. ఛార్జరు కొనడానికొచ్చినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఓనరు నా వంక దీనంగా చూసేవాడు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆయన పెనుగంచిప్రోలు హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాడు. కాపురం నందిగామలో. నేను జగ్గయ్యపేటలో ఉంటూ ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లోడింగ్ ఆఫీసులో పనిచేస్తాను. మా అక్క కృపావతిని ఆయనకిచ్చినప్పటి నుంచీ నా చెవులకి విశ్రాంతి లేదు. కొత్త ఫోనొచ్చిందంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ నాకు చెప్పాల్సిందే. ఓసారి నా ఫోన్లో టార్చిలైటు యాప్ చూసి చిందులు తొక్కాడు. "టార్చిలైటు వెలగడానికి నీ చుట్టాల నెంబర్లన్నీ ఎందుకురా వెధవా? అడిగితే ఇచ్చేశావా? రేపు ఇంటి తాళాలు అడిగినా ఇచ్చేస్తావా?" అని నా చేతే తీయించాడు. చర్చి వాళ్ళు ప్రార్థన విన్నపాలు పంపుకోడానికి యాప్ పెడదామనుకుంటే, మీటింగులో లేచి, "ప్రార్థన వినేది దేవుడు కదండీ పాస్టరుగారూ, ఆయనకి మా లొకేషను తెలీదంటారా?" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. ఆ యాప్ అక్కడితో ఆగిపోయింది. పాస్టరుగారు మాత్రం చాలా కాలం ఈయనతో ముభావంగానే ఉన్నారు.

క్లౌడంటే ఆయనకి ఒళ్ళుమంట. "మేఘం లేదు, గీఘం లేదు. ఎవడిదో కంప్యూటరది. మన ఇంట్లో సామాను ఎవడి కొట్లోనో దాచుకోవడమేంటి?" అనేవాడు. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మెసేజీలు వారానికల్లా మాయమైపోయేట్టు పెట్టిందీ ఆయనే. పోయిన వారం అమ్మమ్మగారు పెట్టిన పచ్చడి కొలతలు ఇవాళ వెతుక్కుంటే ఉండవు. ఆడవాళ్ళు తిట్టుకునేవాళ్ళు. ఆయనకి పట్టేది కాదు.

అయితే ఒకటి చెప్పాలి. చెప్పింది చేసే మనిషి. ఎవరి ఫోను వాళ్ళ సొంతమని ఊరందరికీ చెప్పి ఇంట్లో పెళ్ళాం ఫోను తడిమే రకం కాదు. అక్క ఫోను మోగితే తెచ్చి చేతికిచ్చేవాడే గానీ, ఎవరు చేశారా అని తెర వంక కూడా చూసేవాడు కాదు. అక్క దానికీ వేళాకోళమాడేది. "ఒరే రత్నం, అందరి మొగుళ్ళూ పెళ్ళాల ఫోన్లు దొంగచాటుగా చూస్తారంట. మీ బావకి నా మీద అనుమానపడదామన్న ముచ్చటన్నా లేదురా!" అనేది. బావ సిగ్గుపడేవాడు.

ఆ ఫోనుకి తాళం పెట్టిచ్చింది ఆయనే. వేలిముద్ర వద్దన్నాడు, మొహం చూపించడం వద్దన్నాడు. "నిద్రపోతున్నప్పుడు నీ వేలు ఎవడన్నా పట్టుకుని ఆనించగలడు. నీ మనసులో ఉన్న నెంబరు ఎవడు తీస్తాడు?" అన్నాడు. ఎవరైనా పదిసార్లు తప్పు నెంబరు కొడితే లోపలున్నదంతా దానంతటదే చెరిగిపోయేట్టు పెట్టాడు. "నేనే మర్చిపోతేనో?" అంది అక్క. "నువ్వు మర్చిపోవులే" అన్నాడు బావ.

మా అక్క గొంతు గురించి చెప్పకపోతే మిగతాది చెప్పి లాభం లేదు. చర్చిలో వాక్యం చదివేది ఆవిడే. మైకు పోయినా రోడ్డు మీదికి వినబడేది. నవ్వితే పక్కింట్లో పసిపిల్లలు లేచేవాళ్ళు. అట్లాంటి గొంతు ముందు బొంగురుపోయింది. జలుబు చేసిందనుకున్నాం. మిరియాల కషాయం, పసుపు పాలు, ఇంకా ఏవేవో అయ్యాక విజయవాడ తీసుకెళ్తే, గొంతులో స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కదన్నారు. ఆపరేషన్‌కి ముందు అక్క వెనక గదిలో తలుపేసుకుని చాలాసేపు ఫోన్లో మాట్లాడుతూ ఉండేది. చుట్టాలందరికీ చెప్పుకుంటోందనుకున్నాం.

ఆపరేషనయ్యాక, మాట పోయాక, పలక మీద రాసి బావకి చెప్పిందట. నీకోసమే మాట్లాడి ఫోన్లో దాచాను, నేను పోయాక విను, ఇప్పుడు వింటే ఒప్పుకోను అని రాసి, కింద తాళం నెంబరు రాసి, ఆయన చదవగానే కొంగుతో తుడిచేసిందట. కూతురు జాయిస్‌కి కూడా చెప్పలేదు. ఇది బావ నాకు తర్వాతెప్పుడో చెప్పాడు. ఆయన నెంబరు తెలిసి కూడా ఆ ఫోను ముట్టలేదు.

అక్కకి మాటొచ్చేట్టు చెయ్యాలని ఆయన పడ్డ తంటాలు ఇన్నీ అన్నీ కావు. టైపు చేస్తే తెలుగులో పలికే యాప్ ఒకటి పట్టుకొచ్చాడు. అక్క "అన్నం తిన్నారా" అని కొడితే అది వార్తలు చదివినట్టు చదివేది. అక్క పొట్ట పట్టుకుని శబ్దం లేకుండా నవ్వింది. ఆ నవ్వు చూళ్ళేక నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. కొన్నాళ్ళకి ఆ యాప్ నెలనెలా కడితేనే పలుకుతానని మొరాయించింది. బావ అగ్గి మీద గుగ్గిలమైపోయాడు. "మూగమనిషి నోటికి అద్దె కట్టమంటార్రా!" అని వాళ్ళకి పేజీలకి పేజీలు రాశాడు. అక్క ఆ యాప్ తీసేసింది. బావని పిలవాలంటే రెండు చప్పట్లు కొట్టేది. ఆయన ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవాడు.

మరుసటి ఏడు జబ్బు తిరగబెట్టింది. ఒక ఆదివారం పొద్దున, చర్చి గంట కొట్టే వేళకి అక్క పోయింది.

మా వైపు మనిషి పోతే ముందు శవపెట్టె చెబుతారు, వెంటనే ఫ్లెక్సీ చెబుతారు. ఇంటి ముందొకటి, సెంటర్లో ఒకటి. ఎంత పేదవాళ్ళయినా ఫ్లెక్సీ లేకుండా సాగనంపరు. అది లేకపోతే పోయిన మనిషికి ఎవరూ లేరన్నట్టు లెక్క. జాయిస్ విజయవాడలో నర్సు. ఒక్కగానొక్క కూతురు. వాళ్ళమ్మ ఫ్లెక్సీ బాగా రావాలని పట్టుబట్టింది. ఆపరేషన్ తర్వాత తీసినవాటిలో మెడలో గొట్టం కనపడుతోంది. వాట్సాప్‌లో దొరికినవి పంపితే, "పెద్దది చేస్తే మొహం అలుక్కుపోద్దమ్మా, అసలు ఫొటో ఉంటే పంపండి" అన్నాడు ఫ్లెక్సీ షాపతను. ముక్త్యాలలో కృష్ణ ఒడ్డున పసుప్పచ్చ చీరలో తీయించుకున్న ఫొటో అక్క ఫోన్లో ఉందని జాయిస్‌కి గుర్తొచ్చింది.

అప్పుడు నేనూ బావా సమాధుల తోటలో ఉన్నాం. స్థలం చూపించాలి, గుంట తీసేవాళ్ళతో మాట్లాడాలి. బావకి ఒక ఫోను చేసి నెంబరు తెలుసా అని అడిగితే అయిపోయేది. జాయిస్ చేద్దామనే అనుకుందట. ఇంట్లో ఆడవాళ్ళు, అందులో మా ఆవిడ కూడా, "వద్దులేమ్మా, అంత బాధలో ఉన్నాయన్ని ఈ ఫొటోల కోసం కదిలిస్తామా? మనమే చూద్దాం" అన్నారు. జాలిపడి అన్నమాటే అది. వాళ్ళలో ఒక్కరిక్కూడా చెడ్డ ఉద్దేశం లేదు.

జాయిస్ తన పుట్టినరోజు కొట్టింది. కాదంది. పెళ్ళిరోజు కొట్టింది. బాప్తిస్మం తీసుకున్న తేదీ ఒకరు చెప్పారు. అక్కకి ఇష్టమైన కీర్తన నెంబరు ఇంకొకరు చెప్పారు. ఫోను కాసేపు ఆగమంది. ఆగారు. వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చి, ఏడ్చేవాళ్ళతో ఏడ్చి, మళ్ళీ కూర్చున్నారు. ఇంకా ఎక్కువసేపు ఆగమంది. ఆగారు. అక్క శవం పక్కనే కూర్చుని, ఆవిడ జీవితంలో ముఖ్యమైన తేదీలన్నీ ఒకళ్ళకొకళ్ళు గుర్తుచేసుకుంటూ కొట్టారు.

మేం తిరిగొచ్చేసరికి జాయిస్ గుమ్మంలోకి ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నా మొహంలో ఏదో కాస్త వెలుగు.

"డాడీ, అమ్మ ఫోను ఓపెనయింది. కానీ ఏ భాష కావాలో చెప్పమంటోంది. ఏం నొక్కమంటారు?"

బావ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తెర మీద కొత్తగా కొన్న ఫోనుకొచ్చే పలకరింపు కనబడుతోంది. ఆయన దాని వంక చూస్తూ అట్లాగే నిలబడిపోయాడు. నాకు అప్పటికి సంగతి తెలీదు గనక, కళ్ళు తిరుగుతున్నాయేమోనని భుజం పట్టుకున్నా.

"తెలుగు నొక్కమ్మా" అన్నాడు.

"ఫొటోలు వస్తాయా డాడీ?"

"ఆ ఫొటో నా దగ్గరుందిలే. షాపతనికి నేను పంపిస్తా. నువ్వెళ్ళి అమ్మ దగ్గర కూర్చో."

ఫ్లెక్సీ చాలా బాగా వచ్చింది. చూసినవాళ్ళందరూ అన్నారు.

నెల తిరిగాక ఆయన నాకు మొత్తం చెప్పాడు, పెనుగంచిప్రోలులో మున్నేరు ఒడ్డున నిలబడి. అప్పటికే హైదరాబాదు వెళ్ళొచ్చాడట. చెరిగిపోయినవి తిరిగి తీస్తామని బోర్డు పెట్టుకున్నవాళ్ళ దగ్గరికి. ఈ తాళం ఒకసారి పడితే చేసినవాడు కూడా తీయలేడని క్లాసులో పిల్లలకి గర్వంగా చెప్పే మనిషి, అన్నీ తెలిసి కూడా వెళ్ళాడు. అక్కడతను ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరండీ సెట్ చేసింది? భలే గట్టిగా పెట్టారండీ" అని మెచ్చుకున్నాడట. బావ థాంక్స్ చెప్పి వచ్చేశాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ సిద్ధాంతాలు తగలెయ్య! నెంబరు తెలుసుగా బావా. కాపీ తీసి ఎక్కడన్నా పడేసుంటే నీ సొమ్మేం పోయింది? వినొద్దంది గానీ కాపీ తీయొద్దందా?" అని అరిచాను. రేవులో బట్టలుతికేవాళ్ళు తలెత్తి చూశారు.

"అది మీ అక్క ఫోనురా" అన్నాడు. "పోయాక తీసుకోమంది. బతికుండగా చెప్పకుండా తీసుకుంటే, ఇన్నాళ్ళూ నేను తిట్టిపోసినోళ్ళకీ నాకూ తేడా ఏముంది? అయినా... కాపీ తీశానంటే అది పోద్దని ఒప్పుకున్నట్టేగా. నా చేతులు రాలేదు."

ఇంకా తిడదామని నోరెత్తాను. ఏడుపొచ్చింది. మా అక్క అది, నా తోడబుట్టింది. ఆయనకి ఏం చెప్పుకుని పోయిందో, అందులో నా పేరు కూడా ఎక్కడన్నా ఉందో లేదో, ఇక ఎవడికీ తెలీదు.

"జాయిస్‌కి చెప్పు, లేకపోతే నేనే చెబుతా. ఫోను వాడేవాడికి తెలీకుండా ఏదీ దాచకూడదని ఊరంతా ఉపన్యాసాలిచ్చావుగా" అన్నా, కసిగానే.

బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నీకు పుణ్యముంటుంది, ఆ ఒక్కటీ చెయ్యకురా. తల్లి మాటని తన చేత్తో చెరిపేశానని తెలిస్తే అది తట్టుకోలేదు. నీ అక్క మీద ఒట్టు" అన్నాడు. నాకు మాట ఇవ్వక తప్పలేదు.

మొన్న ఏడాది తిరిగింది. నందిగామ ఇంట్లోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యి, భోజనాలయ్యి, అందరూ వెళ్ళాక జాయిస్ వాళ్ళ నాన్న కుర్చీ పక్కన కింద కూర్చుంది.

"డాడీ, ఒకటడుగుతా, నిజం చెప్పాలి. ఆ రోజు అమ్మ ఫోనులో అన్నీ పోయినయ్యి నా వల్లేగా? అందులో ముఖ్యమైనవేమన్నా ఉన్నాయా?"

బావ తడుముకోలేదు.

"ఏముంటాయమ్మా! గుడ్‌మార్నింగ్ బొమ్మలు, చీరల వీడియోలు. మీ అమ్మ సంగతి తెలీదా నీకు?"

జాయిస్ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. "అంతేనా! ఏడాది నించీ గుండెల్లో బరువుగా ఉంది డాడీ" అంటూ ఆయన మోకాలి మీద తల పెట్టుకుంది. ఆయన జుట్టు నిమురుతూ కూర్చున్నాడు. కాసేపటికి ఆ పిల్ల హాయిగా లోపలికెళ్ళి పడుకుంది.

నేను బస్సుకి బయల్దేరాను. బావ గేటు దాకా వచ్చాడు. గేటు తీయకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"రత్నం, మీ అక్క నన్ను పిలిచేదే, ఏవండీ అని. నాకు సరిగ్గా గుర్తురావట్లేదురా. నువ్వు చిన్నప్పట్నించీ విన్నోడివి. ఒక్కసారి అట్లా అనవా?"

ఇదేం కోరిక బావా అనబోయి ఆయన మొహం చూశాను. గొంతు సవరించుకుని, "ఏవండీ" అన్నాను. మగగొంతు, సిమెంటు దుమ్ము తిని మొద్దుబారిన గొంతు. నాకే అసహ్యమేసింది.

కళ్ళు మూసుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"అట్లా కాదురా. ఇంకోసారి" అన్నాడు.

నేను మళ్ళీ అన్నాను.