తెర ఆరిపోయే ముందు నవ్వు

అచ్చాఫీసులో ఆయన్ని ఎదుట గురువుగారనీ, చాటున భూతద్దమనీ పిలిచేవాళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దాడు. మెషిన్ గది పక్కన ఒంటి కిటికీ ఉన్న ఇరుకు గది, మసిబారిన బల్ల, చేతిలో ఎర్ర పెన్సిలు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. తన పెళ్ళి శుభలేఖలో రెండు అచ్చుతప్పులు దిద్ది అత్తవారికి తిప్పి పంపాడని ఆఫీసులో ఒక కథ ఉండేది. అది అబద్ధం. ఒక్కటే తప్పు.

ఆయన నలభై ఆరో ఏట నింద పడింది. బడి పిల్లల ఆఖరి పరీక్షల ప్రశ్నపత్రాలు ఆ అచ్చాఫీసులోనే వేసేవాళ్ళు. ఆ ఏడు లెక్కల పేపరు పరీక్షకి మూడు రోజుల ముందే బయటికి పొక్కింది. బయట దొరికింది అచ్చయిన పేపరు కాదు, అచ్చుకి ముందు దిద్దడానికి తీసే ప్రూఫు. దాని అంచుల నిండా ఆయన ఎర్ర పెన్సిలు గుర్తులే. పైగా ఆయన కూతురు ఆ ఏడే ఆ పరీక్ష రాయాలి. ఆ సంగతి ఆయన ముందే మేనేజరుకి చెప్పాడు. లెక్కల గుర్తులు తెలిసినవాడు ఇంకొకడు లేడని మేనేజరే ఆయనకి ఆ పని ఒప్పజెప్పాడు. తీరా గొడవ వచ్చేసరికి అలా చెప్పినట్టు మేనేజరుకి గుర్తు లేకపోయింది. కన్నకూతురి కోసం కాకపోతే ఇంకెవరి కోసం చేస్తాడని లోకం తేల్చేసింది.

ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. ప్రతి సోమవారం పోలీసు స్టేషనుకి వెళ్ళి సంతకం చేసి రావాలి. పరీక్ష రద్దయి పిల్లలంతా మళ్ళీ రాశారు. కూతురు అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. "పేపరు అందకపోతే అంతే మరి" అన్నారు వీధిలో. ఆయన రోజూ పొద్దున్నే స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, ఆఫీసుకి వెళ్ళేవాడిలాగే కుర్చీలో కూర్చునేవాడు. బజారు పనులన్నీ భార్యే చూసుకునేది.

రెండో ఏడు ఇంకో పేపరు బయటికి వచ్చింది. అప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ఈసారి వేరే దిక్కు వెతకక తప్పలేదు. పాత ప్రూఫులు కాల్చేయాల్సిన గిడ్డంగి గుమాస్తాయే వాటిని బయటికి చేరవేస్తున్నాడని తేలింది. మళ్ళీ పనిలోకి రమ్మని ఆయనకి ఉత్తరం వచ్చింది. మళ్ళీ అదే గదిలో, అదే బల్ల ముందు కూర్చున్నాడు. తోటివాళ్ళు టీ తెప్పించి, ఎండల గురించి మాట్లాడారు. పొరపాటైందని ఒక్కరూ అనలేదు. ఆయనా అడగలేదు. అలాగే పనిచేసి రిటైరయ్యాడు.

ఇదంతా జరిగిన పంతొమ్మిదేళ్ళకి, ఒక ఆదివారం కూతురూ అల్లుడూ ఆ దంపతులని పగటి ఆట సినిమాకి తీసుకెళ్ళారు. గిడ్డంగికి నిప్పు పెట్టాడని నిందపడ్డ ఒక కాపలాదారు కథ అది. చివర్లో సాక్ష్యం చాల్లేదని కోర్టు వదిలేస్తుంది. అతను మెట్లు దిగుతూ ఆగుతాడు, ఎటో చూస్తాడు, సన్నగా నవ్వుతాడు. అంతే, తెర ఆరిపోతుంది.

కూతురింట్లో టీ తాగుతూ ఆ నవ్వు మీదే వాదన పెట్టుకున్నారు. బయట అతని బిడ్డ కనబడి ఉంటుందని కూతురు అంది. అల్లుడు తల అడ్డంగా ఊపాడు.

"అర్థం కానిదేముంది ఇందులో? వాడే తగలబెట్టాడు. తప్పించుకున్నానని నవ్వాడు. ఏ పాపం ఎరగనివాడైతే ఏడుస్తాడు గానీ నవ్వుతాడా?"

అనేశాక గానీ ఎవరి ముందు అన్నాడో అతనికి తట్టలేదు. మామగారి సంగతి పెళ్ళికి ముందు రెండు ముక్కల్లో విన్నాడు, అంతే. కూతురు కప్పు కింద పెట్టేసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

అప్పుడు భార్య నోరు విప్పింది. "మీరూ నవ్వారు కదండీ. ఆ ఉత్తరం వచ్చిన రోజు. నేను గుమ్మంలోనే ఉన్నాను. చదివి నవ్వారు. ఎందుకు?"

ఆయన కిటికీ మీంచి చూపు తిప్పి భార్య వైపు తిరిగాడు.

"అందులో నిర్దోషి అన్న మాట తప్పుగా టైపు చేశారు. ద వత్తు ఉండాల్సిన చోట ధ వత్తు కొట్టారు. రెండేళ్ళు ఆ మాట కోసమే చూశాను. తీరా వస్తే నా కన్ను ముందు తప్పు మీద పడింది. జేబులోంచి పెన్సిలు కూడా తీశాను. దిద్దితే కాగితం చెల్లదని గుర్తొచ్చింది. నవ్వొచ్చింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు గుమ్మం పక్కన గోడకి ఆనుకుని ఏడుస్తున్నావు. అలాంటప్పుడు ఈ మాట చెప్పడానికి సిగ్గేసింది."

అల్లుడు లేచి వచ్చి, తెలియక అన్నాను మామయ్యగారూ అన్నాడు. ఆయన అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ కాపలాదారు ఎటు చూసి నవ్వాడో సినిమావాళ్ళు మనకి చూపించలేదనీ, చూపించనిదాన్ని పట్టుకుని మనం తీర్పు చెప్పకూడదనీ, సినిమా గురించి తనకు తెలిసింది అంతేననీ చెప్పాడు.

సాయంత్రం భార్యాభర్తలిద్దరూ బస్సెక్కారు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ ఆయన అడిగాడు.

"నువ్వు నన్ను నమ్మలేదా?"

"నమ్మాను. కానీ ఆ నవ్వు చూశాక, గుమాస్తా దొరికాడని తెలిసినా, మనసులో చిన్న ముల్లు దిగింది. చేసుంటే పిల్ల కోసమే చేసుంటారులే అని సర్దుకున్నాను. అందుకే అడగలేదు."

"ఎన్నాళ్ళు?"

"దాని పెళ్ళిదాకా ఉందేమో. తర్వాత ఎప్పుడు పోయిందో చూసుకోలేదు."

ఊరంతా వేలెత్తి చూపినప్పుడు కూడా ఆయనకి అంత దెబ్బ తగల్లేదు. చెయ్యని తప్పుకి ఇంట్లోనే, తన కంచంలో అన్నం వడ్డించే చేతి నుంచే, అడగకుండా మన్నింపు దొరికింది. ఆ పంతొమ్మిదేళ్ళూ ఆవిడ ఆయనకి ఏ లోటూ రానివ్వలేదు. కోపం తెచ్చుకుందామంటే పట్టు దొరకలేదు. నాలుగు రోజులు వడ్డించింది తిని, అడిగినదానికి జవాబిచ్చి ఊరుకున్నాడు.

అయిదో రోజు పొద్దున బీరువాలోంచి ఆ ఉత్తరం తీసి భార్య చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని అంతవరకూ చదవలేదు, విన్నదంతే. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచీ పైకి చదివింది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కాగితంలో ఉన్నట్టే ధకారం ఒత్తి పలికి, ముందుకి సాగింది. చివరి సంతకం దాకా చదివి మడతపెట్టింది.

"ఆ రెండేళ్ళలో నేను మీకు చెప్పనివి కూడా ఉన్నాయి" అంది.

బియ్యం కొట్టు దగ్గర ఎవరేమన్నారో, ఏ బంధువు గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్ళాడో, కూతురు బడి నుంచి ఏడుస్తూ వచ్చిన రోజు తను ఏం అబద్ధం చెప్పిందో ఒక్కొక్కటే చెప్పింది. ఆయన మధ్యలో దిద్దలేదు. ఆ రోజు వాళ్ళింట్లో వంట బాగా ఆలస్యమైంది.