అన్నయ్య కోసిన గుమ్మడికాయ

మా అన్నయ్య కృపారావు రేపల్లెలో రైస్ మిల్లు గుమాస్తా. ఏడాదంతా యజమానికి "అవునండి", లారీ డ్రైవర్లకి "అలాగేనండి", ఇంటికొస్తే మా కరుణ వదినకి "సరేలే" అనడమే తప్ప గట్టిగా నోరెత్తి ఎరగడు. అలాంటి మనిషికి మా లూథరన్ చర్చిలో కోతకాల పండుగ రోజున మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చేస్తుంది. సంఘంలో వాళ్లు దేవుడికని తెచ్చిన కాయగూరలూ, కోళ్లూ, గెలలూ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. అక్కడ ఆయన ఎత్తిన చెయ్యి దించడు. ఎవరి సొరకాయైనా పాడేవాళ్లు లేక బల్ల మీద ఉండిపోతే, తెచ్చినవాళ్ల మొహం ఆయన చూడలేడు. పక్కింట్లోనే ఉంటాను కాబట్టి ఆ తర్వాత జరిగేదంతా నాకు మంచి కాలక్షేపం.

నిరుడు మాత్రం నాకూ నవ్వు రాలేదు. పాడుకొచ్చిన అరటి గెల మొత్తం ఒక్కసారే పండిపోయి, సగం ఈగల పాలైంది. వదిన పెరట్లో గుంట తీసి పాతిపెడుతూ ఏడ్చింది. "మా అమ్మ వేమూరు పొలాల్లో కూలికెళ్లి, మిగిలిన అన్నం మెతుకు పోకుండా నీళ్లు పోసి దాచి, పొద్దున్నే మాకు పెట్టేది జ్యోత్స్నా. నేను చూడు, దేవుడికిచ్చిన పంటని మట్టిలో కలుపుతున్నా" అంది.

అందుకే ఈసారి పండుగకి ముందే అన్నయ్యని కూర్చోబెట్టి తేల్చేసింది. "పాడుకోండి, వద్దనను. కానీ మనింట్లో ఒక్క కాయ పాడైందా, వచ్చే ఏడు మీరు చెయ్యెత్తడానికి వీల్లేదు. ఏంటి, ఒప్పుకున్నట్టేనా?"

అన్నయ్య "సరేలే" అన్నాడు గానీ మొహం పాలిపోయింది. ఉన్నది ఆ ఒక్క సరదా, పాపం.

అయినా పాడాడు. గోంగూర, టమాటాలు, మళ్లీ ఒక గెల, వాటికి తోడు చంటిపిల్లాడంత గుమ్మడికాయ! వదిన కొంగు బిగించింది. గోంగూర ఆ పూటే పచ్చడైంది. మెత్తబడిన టమాటాలు ఉడికించి సీసాకెత్తి, గట్టివి తడి లేకుండా తుడిచి బుట్టలో పరిచింది. గెల నుంచి హస్తాలు కోసి, కొన్ని పచ్చివి కూరకి తీసి, మిగతావి చల్లటి గదిలో విడివిడిగా వేలాడదీసింది. ఫ్రిజ్‌లో ముందు అయిపోవాల్సినవి కంటికెదురుగా, ఆగేవి వెనక్కి పెట్టింది. దాన్ని తెరిచి చూశాకే రేపేం వండాలో చెప్పేది. గుమ్మడికాయని అటకెక్కించి, "దీని జోలికి వెళ్లకండి. కొయ్యకుండా ఉంచితే నెలలు ఆగుతుంది" అని మరీ చెప్పింది.

అంతా సవ్యంగా ఉందనగా, చెల్లెలికి ఒంట్లో బాలేదని వదిన బాపట్ల వెళ్లింది. అప్పుడు పొంగింది మా అన్నయ్యకి ప్రేమ. ఆవిడకి పని తగ్గిద్దామని కత్తిపీట ముందేసుకుని కూర్చుని, గుమ్మడికాయ మొత్తం ముక్కలు కోసేశాడు. అవును, మొత్తం! గిన్నెల్లో ముక్కలు, బేసిన్లలో ముక్కలు, ఆఖరికి ఇడ్లీ పాత్రలో కూడా ముక్కలే. ఫ్రిజ్‌లో పట్టింది పిసరంత.

"ఏంటన్నయ్యా ఇది! మతి గానీ పోయిందా?"

"పని తగ్గుతుందనుకున్నానే."

"తగ్గేది పని కాదు, వచ్చే ఏడు నీ పాట!"

ఆ మాటతో మనిషి లేచాడు. "గిన్నె తర్వాత ఇద్దురుగాని" అంటూ ఆ ముక్కలన్నీ వీధంతా పంచేసి, ఈల వేసుకుంటూ వచ్చాడు. గండం గడిచిందనుకున్నాం ఇద్దరం.

మా వీధిలో ఎవరూ గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికైనా గుర్తుండొద్దూ! మర్నాడు పొద్దున్నుంచీ తలుపు చప్పుడే. ఎదురింటి లాల్ బీ పిన్నిగారు హల్వా తెచ్చింది. "మీ ముక్కలేలే బాబూ, నెయ్యి మాత్రం నాది" అంది. ఆవిడ వెనకాలే ఒకరు పులుసు, ఒకరు దప్పళం, ఒకరు పప్పు. వెళ్లిన గుమ్మడికాయ వండించుకుని మరీ ఇంటికొచ్చేసింది! పచ్చి ముక్కైనా ఒకటి రెండు రోజులు ఆగుతుంది, పులుసు ఆగుతుందా? ఆ కంగారులో ఉండగానే వదిన ఫోన్, తెనాలిలో రేపల్లె బండెక్కానని.

గుమ్మంలోకి వచ్చిన వదిన చెప్పులు విప్పడం మర్చిపోయి నేరుగా ఆ గిన్నెల దగ్గరికి నడిచింది. ఆవిడ అడగకముందే అన్నయ్య జరిగిందంతా చెప్పి, "వచ్చే ఏడు చెయ్యెత్తనులే కరుణా" అన్నాడు. ఆ గొంతు వింటే నాకు ప్రాణం ఉసూరుమంది.

వదిన ఒక్కో మూతా తీసి వాసన చూసింది. "ఏదీ పాడవలేదుగా ఇంకా! జ్యోత్స్నా, ఎసరు పెట్టు. గిన్నెలు పంపినవాళ్లందర్నీ పిలుచుకురా. ఎవరు వండింది వాళ్లే ఖాళీ చేసి వెళ్తారు."

వరండాలో చాపలు పరిచాం. నవ్వులే నవ్వులు. హల్వా గిన్నె అడుగు కనిపించాక లాల్ బీ పిన్నిగారు అన్నయ్య వైపు తిరిగింది. "వచ్చే ఏడు కూడా గుమ్మడికాయే పాడతావా బాబూ?"

అన్నయ్య అప్పటిదాకా ముందున్న కంచం ముట్టనే లేదు.

"పాడతారు పిన్నిగారూ" అంది వదిన, ఆయన కంచంలో ఇంకాస్త పులుసు పోస్తూ. "కాకపోతే ఇకమీదట నేను ఊరెళ్తే కత్తిపీట కూడా నాతోనే వస్తుంది."

అప్పుడు కలిపాడు మా అన్నయ్య మొదటి ముద్ద.