సోనా భాయ్ మాట ఎక్కడ దొరికింది

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది చలికాలంలో నేను బహ్రెయిన్‌లో ఒక ప్రైవేటు పునరావాస ఆసుపత్రిలో సీనియర్ స్పీచ్ థెరపిస్టుగా చేరాను. అంతకుముందు కాకినాడలోనూ మస్కట్‌లోనూ అదే పని చేశాను. బహ్రెయిన్ నా చివరి పోస్టింగు. అక్కడ మొదట్లోనే నాకు అప్పగించిన కేసు గంగారాంది.

ఆయన జగిత్యాల వైపు మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు. మీనా సల్మాన్ రేవు దగ్గర వర్క్‌షాపుల మధ్య తాళ్లు, పారలు, గ్లౌజులు, సేఫ్టీ బూట్లు అమ్మే దుకాణం ఆయనది. ఆ దుకాణంలోనే పక్షవాతం వచ్చి పడిపోయాడు. పెద్దాసుపత్రిలో ప్రాణగండం గడిచాక మా దగ్గరికి పంపారు. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మాట పోయింది. దీన్ని మేము అఫేజియా అంటాం. నాలుకకీ గొంతుకీ లోపమేమీ ఉండదు, మెదడులో భాషను నడిపే భాగం దెబ్బతింటుంది. కొందరిలో ఒకే ఒక్క మాట మిగిలిపోతుంది. ఏది అడిగినా అదే బయటికి వస్తుంది. గంగారాంకి మిగిలిన మాట ‘జబనా’.

మా వార్డు సిస్టరు మలయాళీ. గల్ఫ్ అరబ్బీ ఆవిడకి బాగా వచ్చు. అందులో చీజ్‌ని దాదాపు అలాగే పిలుస్తారు. పాపం, ఆవిడ పూటపూటా ట్రేలో చీజ్ ముక్క పెట్టించేది. ఆయన ఎడమచేత్తో నెట్టేసేవాడు. గంగారాం అక్క కొడుకు రవికి మాత్రం అది ‘జబ్బు... నా...’ అని వినబడేది. రవి సిత్రాలో ఒక కాంట్రాక్టరు దగ్గర పని చేసేవాడు. డ్యూటీ అయ్యాక క్యాంపుకి కూడా పోకుండా, పని బట్టలతోనే వచ్చి మంచం పక్కన నిలబడేవాడు.

“నాకేం జబ్బు అని అడుగుతుండు మేడమ్ మా మామ. జర మీరే చెప్పుండ్రి,” అన్నాడు ఒకసారి.

నేను తెలుగుదాన్నని కేసు నాకిచ్చారు. పద్ధతి ప్రకారం తెలుగులోనే మొదలుపెట్టాను. అంకెలు, వారాల పేర్లు వరసగా పలికించడం మా మొదటి మెట్టు. అవి ఆలోచించకుండానే నోటికి వచ్చే మాటలు కనుక చాలామందిలో ముందు తిరిగి వస్తాయి. ఆయనకి రాలేదు. అవును, కాదు పరీక్ష చేశాను. “నీ పేరు గంగారామా?” అంటే తల ఊపాడు. “నీ పేరు రాజన్నా?” అన్నా ఊపాడు. ఎదురింటివాళ్ల పెళ్లికి వచ్చిన చుట్టంలా మర్యాదగా నావైపు చూస్తూ కూర్చునేవాడు తప్ప, నేను అంటున్నది లోపలికి వెళ్తున్న జాడ లేదు.

మా ఆసుపత్రిలో వారం వారం కేసు మీటింగు ఉండేది. దానికి పునరావాస వైద్యుడు అధ్యక్షుడు. మార్పు కనబడని రోగికి స్పీచ్ థెరపీ ఆపేసి, ఇంటికి పంపే ఏర్పాట్లు మొదలుపెట్టడం నియమం. గంగారాం విషయంలో ఆ గడువు దగ్గరపడింది. ఊళ్లో ఉన్న అక్క, తమ్ముణ్ని పంపించమని కబురు మీద కబురు పెడుతోంది. పంపడం తప్పని నేను అనలేదు. కానీ అవునూ కాదూ తేడాగా చెప్పలేని మనిషిని ఎటు పంపినా, అది మన ఇష్టమే అవుతుంది. ఆయన ఇష్టమేమిటో ఎవరికీ తెలియదు. మరికొంత వ్యవధి అడిగి తీసుకున్నాను.

రోగి ఏ వయసులో, ఎవరితో, ఏ భాష మాట్లాడాడో తెలుసుకోవడం మా వృత్తిలో ముఖ్యమైన పని. దాన్ని భాషా చరిత్ర అంటాం. రవిని కూర్చోబెట్టి అడిగాను. వాళ్లది బావులు తవ్వే కుటుంబం. గంగారాం పెళ్లి చేసుకోకుండానే సౌదీకి పోయి బుల్డోజరు నడిపాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు జాడ లేదు.

“సచ్చిపోయిండనుకున్నరు మేడమ్. దినాలు గూడ చేసిన్రు. ఎన్నేండ్లకో బహ్రెయిన్ కెల్లి ఫోన్ చేసిండు. గొంతు వినంగనే మా అమ్మ దయ్యమనుకొని ఫోన్ ఇసిరికొట్టింది,” అని రవి నవ్వాడు. వెంటనే నవ్వు ఆపేశాడు. “అమ్మ రమ్మన్నది. మామనే రాలే. దినమైన మనిషి ఇంట్ల అడుగు పెడితే మంచిగ గాదని ఊర్లె ఎవలో అన్నరట. అక్కకు ఎందుకు తిప్పలు అన్నడు.”

జాడలేని ఆ ఏళ్లు ఎక్కడ గడిపాడో రవికి తెలియదు.

సెలవు రోజున మీనా సల్మాన్ వెళ్లాను. రోగి రోజూ చేత్తో పట్టుకున్న వస్తువుల ఫొటోలు తీసి, వాటితో మాటలు చెప్పించడం ఒక పద్ధతి. దుకాణం చూసుకుంటున్న ఖాజా నిజామాబాద్ వాడు. నన్ను చూడగానే స్టూలు తుడిచి వేశాడు.

“సేఠ్ ఎట్లున్నడు మేడమ్? రిసెప్షన్ల చుట్టాలనే పంపిస్తం అన్నరు. రెండు సార్లు వచ్చి వాపసు పోయిన.”

సేఠ్ నీతో ఏ భాషలో మాట్లాడేవాడని అడిగాను. తనతో హిందీ అట. గిరాకీతో ఎవరికి ఏది వస్తే అది. “మన తెలుగు మస్తు తక్కువ మేడమ్. నేనే మాట్లాడిస్త, ఆయన హిందీల జవాబిస్తడు.” ఈ బజారులో ఆయన్ని అందరూ సోనా భాయ్ అంటారని, ఎప్పుడో సూడాన్ ఎడారిలో బంగారం తవ్వాడని కూడా చెప్పాడు.

నేను ఫొటోలు తీస్తూ వెనక గదిలోకి వెళ్లాను. బూట్ల పెట్టెల మీద, సన్నటి పొడుగు మెడ ఉన్న చిన్న మట్టికూజా ఉంది. పూలు పెట్టుకునేది కాబోలనుకుని, ఇదేమిటని మామూలుగా అడిగాను.

“గదా? కాఫీ కూజా మేడమ్. శుక్రవారం శుక్రవారం ఇద్రీస్ భాయ్ అని సూడానీ దోస్తు వస్తడు. ఇద్దరు గీడనే కూసుంటరు. ఒకటే ముచ్చట్లు. దాన్ని వాళ్లు జబనా అంటరు.”

నేను ఫోన్ జేబులో పెట్టేసుకుని, ఆ ఇద్రీస్ ఎక్కడుంటాడో చెప్పమన్నాను.

ఇద్రీస్ ఈసా టౌన్‌లో స్కూలు బస్సు నడుపుతాడు. అతన్నీ రిసెప్షన్‌లో ఆపేసి పంపించారట. చుట్టం కాని మనిషిని వార్డులోకి రానివ్వాలంటే థెరపిస్టు రాయాలి, హెడ్ నర్సు ఒప్పుకోవాలి. ‘భాషా సహాయకుడు’ అని రాసి సంతకం తీసుకున్నాను. రోగి పల్చటి ద్రవాలు పొరపోకుండా మింగగలడో లేదో చూడటం కూడా మా పనే. గంగారాం ఆ పరీక్ష అప్పటికే దాటాడు కనుక కాఫీకి అడ్డులేదు.

జలాబియా అనే తెల్లటి పొడుగు అంగీ, తలపాగాతో ఆరడుగుల మనిషి గుమ్మంలో నిలబడి, “యా జోల్!” అన్నాడు. ఓ మనిషీ అని అర్థం. సూడాన్‌లో స్నేహితుణ్ని అలాగే పిలుస్తారట. గంగారాం తల గిర్రున తిప్పాడు. ఇద్రీస్ వాళ్ల పద్ధతిలో క్షేమసమాచారాలు మొదలుపెట్టాడు. ఆ పలకరింపు ఒక పట్టాన తెమిలేది కాదు. ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉంది, అంతా బాగేనా? ప్రతి ప్రశ్నకీ మధ్య ఆగి ఎదురుచూశాడు.

“తమామ్,” అన్నాడు గంగారాం. కాసేపటికి మళ్లీ, “తమామ్, తమామ్.”

బాగానే ఉన్నాను అని. అడిగిన ప్రశ్నకి తగిన జవాబు ఆయన నోట రావడం అదే మొదలు. ఇద్రీస్ అల్లం వేసిన కాఫీ పోసి ఇచ్చాడు. గంగారాం ఎడమచేత్తో అందుకుని, రెండు గుటకలు తాగి, ఏడ్చాడు. పక్షవాతం రోగులు కారణం లేకుండా కూడా ఏడుస్తారు. ఇది ఆ రకం కాదని నేను కేసు నోట్సులో రాశాను.

జాడలేని ఏళ్ల సంగతి తర్వాతి రోజుల్లో ఇద్రీస్ తనకి వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. సౌదీలో ఇద్దరూ ఒకే రోడ్డు పనిలో ఉండేవాళ్లు. తమ ఊరి ఎడారిలో బంగారం బయటపడుతోందని తెలిసి ఇద్రీస్ బయలుదేరితే, నేనూ వస్తానని గంగారాం వీసా ఇచ్చిన కఫీల్‌తో పని ఖలాస్ అనిపించుకుని వెంట వెళ్లాడు. అక్కడి ఎండిన వాగులో తవ్వడానికి దిగిన తొలి జట్టు వాళ్లది. గుంట ఎలా తవ్వాలో, గోడ జారకుండా కర్రలు ఎలా దన్ను పెట్టాలో బావులవాడైన గంగారాం చెప్పాడు. వాళ్లకి కొంత బంగారం దొరికింది. ఆ కబురు పాకి వేలంవెర్రిగా జనం వచ్చిపడ్డారు. దన్ను పెట్టే ఓపిక ఎవరికీ లేదు. ఒక మధ్యాహ్నం పక్క గుంట కూలి, ఇద్రీస్ తమ్ముడు అందులో ఉండిపోయాడు. గంగారాం చేతులతోనే తవ్వి పైకి తీశాడు కానీ ప్రాణం దక్కలేదు.

ఆ రోజు తర్వాత ఆయన గుంటలో దిగలేదు. ఉన్న బంగారం మార్చి పట్నం నుంచి గట్టి తాళ్లు, దుంగలు, బూట్లు తెప్పించి ఎడారిలోనే ఒక డేరాలో అమ్మకానికి పెట్టాడు. తాడు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ గోడకి దన్ను పెట్టడం నేర్పి పంపేవాడు. రాత్రికి ఇద్రీస్ వాళ్లింట్లోనే భోజనం. కొడుకుని పోగొట్టుకున్న ఆ తల్లి రోజూ కాఫీ కాచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించేది. ఆమె పోయాకే మిత్రులిద్దరూ బహ్రెయిన్ వచ్చారు.

తెలుగు పక్కన పెట్టి, ఇద్రీస్ సాయంతో సూడాన్ అరబ్బీలో పని మొదలుపెట్టాను. వస్తువుల పేర్లు కదిలాయి. అవునూ కాదూ స్థిరపడ్డాయి. ప్రశ్న తిప్పి అడిగినా జవాబు మారకపోతేనే మేము దాన్ని లెక్కలోకి తీసుకుంటాం. రవికి మాత్రం మనసుకి కష్టమనిపించింది.

“సొంతోళ్లం మేమున్నం. గాయనతోని మాట్లాడుతడు, నాతోని మాట్లాడడా?”

అది ప్రేమకి సంబంధించినది కాదని, మెదడులో ఏ దారి తెగింది, ఏది మిగిలింది అన్నదానికి సంబంధించినదని చెప్పాను. ఒప్పుకున్నాడు కానీ తేరుకోలేదు.

చివరి మీటింగులో ఎక్కడికి వెళ్తాడో గంగారాంనే అడగాలని నిర్ణయించాం. ఇద్రీస్ అడిగితే స్నేహం మొహమాటపెడుతుందని అతన్ని బయట ఉంచి, మా ల్యాబులో పనిచేసే సూడానీ ఆవిడ చేత అడిగించాం. ఆయన దుకాణం దగ్గరే ఉంటానంటాడని గదిలో అందరం అనుకున్నాం, నాతో సహా. ఇక్కడ ఉంటావా అంటే “లా” అన్నాడు, ఉండనని. ఊరికి పోతావా అంటే “ఐవా,” అవునని. ప్రశ్నలు తిప్పి, వేరే వరసలో అడిగించినా అదే జవాబు. అక్క ఫొటో చూపిస్తే దాని మీద చెయ్యి వేసి తీయలేదు.

రవి గోడవైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. నేను బయటికి వెళ్లి ఇద్రీస్‌కి చెప్పాను. అతను తలపాగా సర్దుకున్నాడు. “మంచిది. అయితే అక్కడ వాడితో మాట్లాడేదెవరు?” అన్నాడు.

ప్రయాణం ఖరారయ్యేదాకా ప్రతి శుక్రవారం వార్డు కిటికీ దగ్గర తరగతి నడిచింది. ఇద్రీస్ గురువు. ఎదురుగా రవి, ఫోన్ తెరలో జగిత్యాల నుంచి వాళ్లమ్మ. అన్నం, నీళ్లు, నొప్పి, చలి, చాలు అనే మాటలు సూడాన్ అరబ్బీలో ఆవిడ గట్టిగా వల్లించేది. “దినమైన మనిషని ఊర్లె ఎవలన్న అంటే ఏం జేస్తవే?” అని రవి అడిగితే, “నా తమ్ముడు, నా ఇల్లు. నడుమ వాళ్లెవలు?” అంది.

గంగారాం దుకాణం ఖాజాకి అప్పగించి రవితో విమానమెక్కాడు. నేను పదవీ విరమణ చేసే ముందు రవి ఊరి నుంచి ఫోన్ చేశాడు. మామకి తెలుగు మాటలు వస్తున్నాయట. “పొద్దుగాల లేస్తే మా అమ్మతోని ఒకటే కొట్లాట మేడమ్. సగం తెలుగు, సగం గా అరబ్బీ.”

కొట్లాడాలంటే ఎదుటివాళ్ల మాట అర్థం కావాలి, సొంత మాట సమయానికి దొరకాలి. మా కొలతల్లో అది చాలా పై మెట్టు. నేను ఆ కేసులో నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెబుతాను. మాట ఏ భాషలో తిరిగివస్తే ఆ భాషతోనే చికిత్స మొదలుపెట్టాలి, అది మాతృభాష కానక్కరలేదు. ఆ మనిషి ఎక్కడ బతకాలనుకుంటున్నాడన్నది మాత్రం ఆ భాషని చూసి ఊహించకూడదు. దాన్ని విడిగా అడగాలి.