మూడు సీసాలూ, నా సెమినారూ

మొన్న సెమినార్‌లో నా పరువు గంగలో కలిసింది. గంగ కూడా కాదు, వంశధారలో! చెప్తాను, నవ్వకండి.

నా రీసెర్చ్ ఫేజ్‌ల మీద. అంటే బ్యాక్టీరియాకి పట్టే వైరస్‌లు. వాటి ఆర్ఎన్ఏ దారం ఒకచోట తన మీద తానే మడతపడి హెయిర్‌పిన్‌లా వంగుతుంది. ఊరు మారితే వైరస్ మారుతుంది, ఆర్ఎన్ఏ అక్షరాలూ మారతాయి. మడత మాత్రం మారదని నేను చూపించాలి. చూపిస్తేనే ల్యాబ్‌లో ఉండనిస్తారు, లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

శ్రీముఖలింగం దగ్గర వంశధార ఏటినీళ్ళు, ఎస్.కోట, కొత్తవలసల్లో మురుగునీళ్ళు కావాలి. నాకేమో జ్వరం. శ్రీముఖలింగం గుళ్ళో సేవ చేసే మా అక్క మొగుడు, "పెళ్ళి పిలుపులకి ఆ ఊళ్ళు ఎలాగూ ఎళ్తన్నాను కదేటే, నాను తెస్తాను" అన్నాడు. తెచ్చాడు కూడా. మూడు సీసాలకీ ఊరి పేర్లు, పైన కుంకుమ బొట్లు!

తీరా చూస్తే మూడింట్లోనూ అదే మడత. ఎగిరి గంతేసి ల్యాబంతా స్వీట్లు పంచాను.

మొన్న పదకొండింటికి సెమినార్. పదిన్నరకి మా గైడ్ మేడమ్ స్లైడ్ చూసి ఆగిపోయారు.

"మడత మారలేదు, సరే. అక్షరం కూడా ఒక్కటీ మారలేదేంటమ్మా? ఇవి మూడు వైరస్‌లా, ఒకటేనా?"

వరండాలోకి పరిగెత్తి బావకి ఫోన్ కొట్టాను. ఎత్తడే! మళ్ళీ కొట్టాను. లోపల కమిటీవాళ్ళు కుర్చీలు లాక్కుంటున్నారు. పది యాభైకి ఎత్తాడు.

"బావా, నిజం చెప్పు. కొత్తవలస నీళ్ళు ఎక్కడ పట్టావు?"

"మురుక్కాలవలో సెయ్యెట్టి పెళ్ళి పిలుపులకి ఎలా ఎళ్తానే? మూడూ మన వంశధారలోనే ముంచీసినాను. నీళ్ళు నీళ్ళే కదేటి! పేర్లు మాత్రం సక్కగా రాసినాను సూడు."

ఏడుపొచ్చింది. లోపలికెళ్ళి, "సర్, నా మూడు ఊళ్ళూ ఒకే ఊరు" అని ఒప్పుకున్నాను. హాలంతా నవ్వు! పోనీలే అని మూడు నెలల గడువిచ్చారు.

సాయంత్రం బావకి ఫోన్ చేసి కడిగేశాను. అంతా విని తాపీగా అడిగాడు.

"ఒసే, మూడూళ్ళవీ అచ్చం ఒకేలాగుంటే నాకే అనుమానం వస్తాది. పీహెచ్‌డీ సేస్తన్నావు, నీకు రానేదేటే?"

రాలేదు బావా. నేను స్వీట్లు పంచాను.