మగ్గం చెప్పిన సాక్ష్యం

నా మోకాలికి నేనే డాక్టరునై ఇంటిల్లిపాదినీ తిప్పలు పెట్టిన కథ ఇది. అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. తెలివి మాత్రం ఇంకా రాలేదు.

ఆ పొద్దున గుంట మగ్గంలోకి దిగబోయి జారాను. కుడి మోకాలిచిప్ప గుంట అంచు బండకు ఠక్కున తగిలింది. కాసేపటికే మోకాలు తాటిపండంత అయింది. పది రోజుల్లో మా చెల్లె బిడ్డ పెళ్లి. మేనమామ నేసిన చీరే కట్టుకుంటానని పట్టుబట్టింది. చీరంతా అయింది, కొంగు ఒక్కటే మిగిలింది.

నా భార్య అండాలు మోకాలు చూసి, "దవాఖానకు పోదాం పా. ఎక్స్‌రే తీపిద్దాం" అంది.

"ఎముక ఇరిగినోడు మగ్గం తొక్కుతడా? తొక్కితే మంచిగున్నట్టే. గింతదానికి ఎక్స్‌రే ఎందుకు?"

"తొక్కి సూపియ్యి మరి."

ఆమె భుజం పట్టుకొని గుంటలో కూర్చొని నేయడం మొదలుపెట్టాను. గుంటలో కాళ్లు ఎవరికి కనబడతాయి? నా ధైర్యమంతా అదే. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాను. దర్జాకు కాదండీ, లేవలేక. అంత చేసినా కొంగు నాలుగు వేళ్లు కూడా సాగలేదు.

మధ్యాహ్నం అండాలు వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"మగ్గం కుంటుతాంది."

"మగ్గం కుంటుడేంది?"

"పొద్దటి సంది ఇంటున్న. రెండు కాళ్లతో తొక్కాల్సిన కింది కర్రలు రెండూ ఎడమకాలుతోనే తొక్కుతున్నవు. సప్పుడు తెల్వదా నాకు? నేను గూడ మగ్గమింట్లనే పుట్టిన."

దొరికిపోయాను. అండాలు, పక్కింటాయన కలిసి పట్టి లేపి ఆటో ఎక్కించారు.

దవాఖానలో డాక్టరమ్మ అడిగింది. "దెబ్బ తాకినంక నాలుగడుగులు నడిచినవా?"

"పొద్దటి సంది మగ్గం తొక్కిన మేడం."

"కూసొని తొక్కుడు గాదు. కాలు మీద బరువేసి నడువు."

రెండో అడుగు పడలేదు. తర్వాత ఆమె మోకాలిచిప్ప మీద వేలు పెట్టింది. నా కేక బయట చీటీల వరుస దాకా వినబడిందట.

"నాలుగడుగులు నడువకపోవుడు, చిప్ప ముడితే నొప్పి, గీ రెండిట్ల ఏ ఒక్కటున్నా ఎక్స్‌రే తీయాల్సిందే" అని రాసిచ్చింది. ఫిల్ములో చిప్పకు అడ్డంగా నూలుపోగంత పగులు కనబడింది. "ఇంకో రెండు రోజులు గిట్లనే చేస్తే చిప్ప రెండు ముక్కలయ్యేది" అంటే అప్పుడు నిజంగా భయమేసింది. కాలు పోతే మగ్గం పోయినట్టే.

ఆరు వారాలు కదలకుండా కాలు చాపి కట్టు కట్టారు. చాపిన కాలు గుంటలో పట్టదు. కొంగు అండాలే నేసింది. మంచం మీద పడుకొని విన్నాను, రెండు కాళ్ల చప్పుడు సమంగా వస్తోంది. పెళ్లిలో ఆడవాళ్లంతా కొంగు పట్టుకొని చూసి, "మేనమామ చెయ్యి మంచిగున్నది" అని మెచ్చుకున్నారు. అండాలు నా వైపు చూసింది. నేను కట్టు వైపు చూసుకున్నాను.

కాబట్టి మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకపై మోకాలికి దెబ్బ తగిలితే ముందు నేల మీద నాలుగడుగులు వేస్తాను. వేయలేకపోతే తిన్నగా దవాఖానకే. అండాలు ఇంట్లో ఉండగా మాత్రం ఒంటికాలితో అబద్ధం తొక్కను.